ఊపిరికి కొలమానం ఇచ్చిన వైద్యుడు జాన్ హచిన్సన్

వైద్యుని ఎదుట కూర్చుని గొట్టంలోకి బలంగా ఊదే పరీక్ష నేడు మన ప్రాంత ప్రజలకు కొత్త కాదు. ఆ పరికరం పేరు స్పైరోమీటర్. దీనికి శాస్త్రీయ రూపం కల్పించిన ఘనత ఆంగ్లేయ వైద్యుడు జాన్ హచిన్సన్‌కు దక్కుతుంది.

ఆయన 1811లో బొగ్గు గనులకు పేరుగాంచిన ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో, న్యూకాజిల్ సమీపాన జన్మించారు. వైద్యవిద్య పూర్తిచేసి లండన్‌లో స్థిరపడి, బ్రిటానియా జీవిత బీమా సంస్థలో వైద్యునిగా పనిచేశారు. ఆ కాలంలో క్షయ వ్యాధి వేలాది మందిని బలిగొనేది. ఊపిరితిత్తుల శక్తిని అంకెలలో చెప్పే మార్గం వైద్యులకు అంతగా అందుబాటులో లేదు.

నీటితో నిండిన పాత్రలో మరొక పాత్రను బోర్లించి, కప్పీల మీదుగా బరువులు వేలాడదీసి ఆయన తన యంత్రాన్ని నిర్మించారు. మనిషి ఊదిన గాలికి పై పాత్ర లేచేది. అది ఎంత లేచిందో కొలబద్ద చూపేది. నావికులు, సైనికులు, పోలీసులు, నిరుపేదలు మొదలైన 2,130 మందిని పరీక్షించి 1846లో తన పరిశోధనను ప్రకటించారు. నిండుగా పీల్చి పూర్తిగా వదలగల గాలి పరిమాణానికి వైటల్ కెపాసిటీ అని పేరు పెట్టారు. ఎత్తు ఒక అంగుళం పెరిగితే ఆ పరిమాణం 8 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 130 మిల్లీలీటర్లు పెరుగుతుందనీ, వయసు మీరిన కొద్దీ తగ్గుతుందనీ నిరూపించారు.

ఫ్రీమన్ అనే భారీకాయుడైన ముష్టియోధుని ఆయన రెండేళ్ల వ్యవధిలో మళ్లీ పరీక్షించారు. కొలత తగ్గింది. ఆ యోధుడు 1845లో క్షయతో మరణించాడు. యంత్రం నాడూ నేడూ ఒకే తీరున కొలిస్తేనే ఇటువంటి తగ్గుదలకు అర్థముంటుంది. యంత్రమే తప్పితే రోగం ఉన్నవానికి లేదని, లేనివానికి ఉందని తేలుతుంది.

ఈ సంగతి హచిన్సన్ గుర్తించారు. శరీరంలో 37 డిగ్రీల వెచ్చదనంలో ఉన్న గాలి చల్లని పాత్రలో చేరగానే కుంచించుకుపోతుంది. గది 20 డిగ్రీల వద్ద ఉంటే 4,000 మిల్లీలీటర్ల ఊపిరి సుమారు 3,630గానే కనిపిస్తుంది. అందుచేత ఆయన యంత్రానికి ఉష్ణమాపకాన్ని జతచేసి, ప్రతి కొలతనూ ఒకే ఉష్ణోగ్రతకు సరిదిద్దారు.

1852లో ఆయన అన్నిటినీ వదలి ఆస్ట్రేలియా బంగారు గనుల ప్రాంతానికి తరలివెళ్లారు. 1861లో ఫిజీ దీవులలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 50 సంవత్సరాలు మాత్రమే.

ఆయన నాటిన నియమం మాత్రం నిలిచింది. 2019 నాటి అమెరికా, ఐరోపా శ్వాసవైద్య సంఘాల ప్రమాణాల ప్రకారం, పరికరం వాడే ప్రతి దినమూ 3 లీటర్ల సిరంజితో గాలిని నెమ్మదిగా, మధ్యస్థంగా, వేగంగా పంపి సరిచూడాలి. అంకె 2,910, 3,090 మిల్లీలీటర్ల నడుమ ఉండాలి. లేకుంటే గొట్టాలలో గాలి కారుతున్నదేమో, వడపోత మూసుకుపోయిందేమో పరిశీలించి, సరిచేసిన పిమ్మటే రోగిని పిలవాలి. సిరంజిని పరికరం ఉన్న గదిలోనే, ఎండ తగలని చోట ఉంచాలి.

సెమిలిగుడ వంటి పీఠభూమి ఊళ్లలో శీతాకాలపు ఉదయానికీ మధ్యాహ్నానికీ చలి తేడా ఎక్కువ. కనుక పరికరంలో గది ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు సరిచూడడం ఇక్కడ మరింత అవసరం. రాతి దుమ్ములో పనిచేసే కూలీకి, కట్టెల పొగలో వంటచేసే తల్లికి ఆ అంకెపైనే వైద్యం ఆధారపడుతుంది. నేటి ఉదయం పరికరాన్ని సరిచూశారా అని వైద్యుని వినయంగా అడగడం తప్పు కాదు. అది రోగి హక్కు.