ఘంటసాల గారి గొంతు

ఈ నెల గోడ పత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు నాకు వచ్చింది. ఎప్పుడూ దేశనాయకుల గురించే రాస్తున్నాం కదా అని ఈసారి ఒక పాటగాడి గురించి రాస్తున్నాను. ఆయన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. మన అమ్మానాన్నల్లో చాలామంది పుట్టకముందే ఆయన చనిపోయారు. అయినా ఆయన గొంతు మనలో వినని వాళ్ళు లేరు. ఊళ్ళో ఎవరైనా పోతే మైకులో భగవద్గీత పెడతారే, ఆ గొంతు ఆయనదే. మిరపకాయలు కోస్తా ఉంటే ఊరి వైపు నుంచి అది వినపడుద్ది. అప్పుడు మా యాడి వాళ్ళు నడుం ఎత్తి నిలబడి, ఎవరు పోయారో అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. చిన్నపిల్లలైతే ఆ గొంతుకి భయపడతారు. కానీ అది పాడేటప్పటికి ఆయనే పెద్ద జబ్బుతో ఉన్నారని ఎక్కువమందికి తెలీదు.

ఘంటసాల గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయించేవారు, భజనల్లో పాడేవారు. కొడుకుని భుజం మీద ఎక్కించుకుని భజనలకి తీసుకుపోయేవారంట. పిల్లవాడు తరంగాలకు నాట్యం చేస్తుంటే చూసి జనం బాలభరతుడు అని పేరు పెట్టారు. ఆ తండ్రి ఈయన పదకొండేళ్ళ వయసులోనే చనిపోయారు. పోయేముందు సంగీతం గొప్పగా నేర్చుకోమని కొడుకుని కోరారు. తర్వాత మేనమామ సాకారు.

సంగీతం నేర్పమని ఒకరిద్దరు గురువుల ఇళ్ళల్లో చేరితే బట్టలుతకడం, వంట చేయడం వచ్చింది గానీ పాట రాలేదు. చివరికి చేతి ఉంగరాన్ని 8 రూపాయలకి అమ్మి, ఇంట్లో చెప్పకుండా విజయనగరం సంగీత కళాశాలకి వెళ్ళారు. అప్పుడు వేసవి సెలవులు. అక్కడ ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామినాయుడు గారు, గొప్ప వయొలిన్ విద్వాంసులు, ఉండటానికి చోటు ఇచ్చారు. భోజనం మాత్రం వారాలు చేసుకుని తినాలి. అంటే వారంలో రోజుకొక ఇంట్లో తినడం. మనకి హాస్టల్లో గంట కొడితే ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడటమే, ఆయనకి అదీ లేదు. తోటి పిల్లలు చేసిన పనికి ఆయన మీద నింద పడి కళాశాల వదిలి పోవాల్సి వచ్చింది. ఆ సంగతి తెలిసి వారాలు పెట్టే ఇళ్ళవాళ్ళు కూడా రావద్దన్నారంట. గుడిలో పడుకున్నారు.

అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు అనే గురువు ఒక్క పైసా తీసుకోకుండా సంగీతం నేర్పించారు. ఆయనా బీదవారే. అందుకని ఘంటసాల గారు జోలె కట్టుకుని ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కునేవారు. మధ్యాహ్నం తినగా మిగిలింది రాత్రికి గుడ్డలో మూట కట్టి పెడితే చీమలు పట్టేవి. డబ్బా కొనుక్కోవడానికి డబ్బుల్లేక ఇంటికి ఉత్తరం రాసి తెప్పించుకున్నారంట. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఈ డబ్బా సంగతే ఎక్కువ గుర్తుండిపోయింది. ట్రంకు పెట్టెలో మరమరాలకు చీమలు పట్టిన వాళ్ళు మన డార్మెటరీలో చాలామంది ఉన్నారు, వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకి వెళ్ళారు. 1944లో సావిత్రి గారితో పెళ్ళయింది. (సినిమా నటి సావిత్రి కాదు.) మన గుంటూరు వైపు సంగతి ఇక్కడే వస్తుంది. రేపల్లె దగ్గర పెదపులివర్రులో ఆయనకి సముద్రాల రాఘవాచార్య గారు కలిశారు. సినిమాలకి మాటలు, పాటలు రాసే పెద్దాయన. ఈయన పాట విని మద్రాసు రమ్మన్నారు. మద్రాసులో మొదట్లో పానగల్ పార్కులో పడుకున్న రోజులు కూడా ఉన్నాయి. మొదట గుంపులో ఒకడిగా పాడారు. 1945లో వచ్చిన స్వర్గసీమలో పాడిన పాటకి 116 రూపాయలు ఇచ్చారంట. 1949లో మనదేశం సినిమాకి సంగీతం చేశారు, అది ఎన్.టి.రామారావు గారి మొదటి సినిమా. తర్వాత పాతాళభైరవి, మాయాబజార్, గుండమ్మ కథ, లవకుశ. ఇవన్నీ మనం టీవీ రూములో చూసినవే కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. రామారావు గారికీ నాగేశ్వరరావు గారికీ ఈయనే పాడతారు, అయినా ఎవరికి పాడితే వాళ్ళే పాడినట్టు ఉంటుంది. గుంటూరు కవి కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం పద్యాలు కూడా ఈయన పాడబట్టే చదువురాని వాళ్ళకి కూడా తెలిశాయి.

1970 ఫిబ్రవరి 1న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన పాట మొదలై పాతికేళ్ళయిందని పెద్ద ఉత్సవం చేశారు. 30,000 మందికి పైగా జనం వచ్చారు. ఆ ఏడే పద్మశ్రీ వచ్చింది. 1971లో అమెరికా, యూరప్ వెళ్ళి అక్కడి తెలుగువాళ్ళకి పాడి వచ్చారు. అప్పటికే ఆయనకి చక్కెర జబ్బు. మనం సైన్సులో చదువుకున్నాం కదా, ఇన్సులిన్ సరిపోకపోతే రక్తంలో చక్కెర పెరుగుద్ది, అట్లా ఏళ్ళ తరబడి ఉంటే రక్తనాళాలు, గుండె దెబ్బతింటాయి. పద్యం చివర రాగం తీయాలంటే ఊపిరి బిగపట్టి పాడాలి. గుండె జబ్బు మనిషికి అది ఎంత కష్టమో నాకైతే ఊహకి రాలేదు. రెండో అంతస్తుకి నీళ్ళ బకెట్ మోసి వెంటనే ప్రార్థన పాడి చూడండి, కొంచెం తెలుస్తుంది.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగానే గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నారు. మా బా వాళ్ళని కూలికి తీసుకెళ్ళే మేస్త్రి తాత అప్పుడు చిన్న పిల్లగాడంట. ఆ తాత చెప్పాడు, పేపర్లో వార్త పడ్డాక వాళ్ళ ఊరి భజన వాళ్ళు ఆంజనేయస్వామి గుడిలో కొబ్బరికాయలు కొట్టి, ఆయనకి నయం కావాలని రాత్రంతా భజన చేశారంట. వాళ్ళల్లో ఒక్కరు కూడా ఆయన్ని కళ్ళతో చూసినవాళ్ళు కాదు. పంచాయతీ రేడియోలో విన్నారు, అంతే. హైదరాబాదు పోయి చూసి రావడానికి చార్జీలు లేనోళ్ళు ఇంకేం చేయగలరు?

సినిమా వాళ్ళు మటుకు ఆగలేరు కదా. ఆయన జబ్బు పడ్డాక పాటలు వేరేవాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టారు. వి.రామకృష్ణ గారు అప్పుడు వచ్చినవారే, బాగా పాడారు. ఐతే జనం ఆయన్ని కూడా ఘంటసాల లాగా ఉంది గొంతు అనే మెచ్చుకున్నారు. పాటలు తగ్గినా పెద్దాయన మీద ప్రేమ తగ్గలేదని నాకు దాన్నిబట్టే అర్థమయింది.

ఆసుపత్రిలో ఉన్నప్పుడే ఆయనకి భగవద్గీత పాడాలని బుద్ధి పుట్టింది. గీతలో 700 శ్లోకాలు ఉంటాయి, అందులో కొన్ని ఏరుకుని ఒక్కో శ్లోకానికి తెలుగులో అర్థం కూడా చెప్పారు. మనలాంటోళ్ళకి సంస్కృతం రాకపోయినా అర్థమయ్యేది అందుకే. ఇందులో ఆయనకి తోడుగా ఉన్నది పట్రాయని సంగీతరావు గారు. ఎవరో గుర్తుపట్టారా? విజయనగరంలో ఊరకే చదువు చెప్పిన ఆ గురువు గారి కొడుకు. ఎన్నో ఏళ్ళు ఘంటసాల గారి దగ్గరే హార్మోనియం వాయిస్తూ చివరిదాకా ఉన్నారు. నేను ఇది చదివి మా రూములో అందరికీ చెప్పాను.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆసుపత్రిలో ఘంటసాల గారు కన్నుమూశారు. 51 ఏళ్ళే. ఫిబ్రవరి అంటే మనకి మిరప కోతల కాలం. రేడియోలో చెప్పగానే కల్లాల్లో కాయలు ఆరబోసే వాళ్ళు కూడా పని ఆపి రేడియో దగ్గరికి పోయారని మేస్త్రి తాత చెప్పాడు. ఆ రోజు కూలి సగమే ఇచ్చారంట, అయినా ఎవరూ గొడవ పడలేదంట. భగవద్గీత రికార్డు ఆయన పోయిన తర్వాత విడుదలయింది. అది ఊరూరా మైకుల్లో మోగడం ఆయన వినలేదు.

2003లో ఆయన బొమ్మతో పోస్టల్ స్టాంపు వేశారు. మా తండాలో కూడా బాగా పాడే అవ్వలు ఉన్నారు, వాళ్ళ పాటలు ఎవరూ రికార్డు చేయలేదు. అది వేరే సంగతి, ఇంకో నెల రాస్తాను.

ఫిబ్రవరి 11 దగ్గర పడుతుంది. ఆ రోజు స్టడీ అవర్ అయ్యాక ఒక అరగంట మైకు పెట్టడానికి వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకుంటే, గీత వద్దు, మాయాబజార్ పాటలు పెడదాం. పదో తరగతి అక్కలు పద్యం పాడతామంటే పేర్లు నాకు ఇవ్వండి.