గాలిబ్ ఉత్తరాలు – మన ఇళ్ళలోని ఉత్తరాలు

మీర్జా గాలిబ్ పేరు వినని ఉర్దూ కుటుంబం ఉండదు. ఆయన గజళ్ళు పెళ్ళిళ్ళలో, ముషాయిరాల్లో అందరమూ వింటూనే ఉన్నాము. ఆయన ఉత్తరాల సంగతి మాత్రం మన పిల్లలకు అంతగా తెలియదు. అందుచేత ఆ ముచ్చట నాలుగు మాటల్లో మనవి చేస్తున్నాము.

గాలిబ్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ పోయారు. సాకిన చిన్నాన్న కూడా 1806లో పోయారు. 1810లో పెళ్ళయింది. ఆ తర్వాత ఢిల్లీయే ఆయన ఊరయింది. ఏడుగురు బిడ్డలు పుట్టారు గానీ ఒక్కరూ దక్కలేదు. కొడుకులా చూసుకున్న ఆరిఫ్ కూడా 1852లో చిన్న వయసులోనే పోయాడు.

ఇంతలో 1857 వచ్చింది. సెప్టెంబరులో ఇంగ్లీషువాళ్ళు ఢిల్లీని మళ్ళీ పట్టుకున్నారు. మహల్లాలకు మహల్లాలే ఖాళీ అయ్యాయి. అక్టోబరులో తమ్ముడు మీర్జా యూసుఫ్ కన్ను మూస్తే, ఇంట్లో ఉన్న దుప్పట్లే కఫన్ అయ్యాయి. మిత్రుడు ఇమాం బఖ్ష్ సహ్‌బాయీని కాల్చి చంపారు. మరో ప్రాణమిత్రుడు ఫజ్లె హఖ్ ఖైరాబాదీని అండమాన్ పంపితే, 1861లో ఆయన అక్కడే పోయారు.

కూర్చుని మాట్లాడేందుకు మనిషి కరువైనాడు. అప్పుడు గాలిబ్‌కు ఉత్తరమే తోడయింది. పెద్ద పెద్ద బిరుదుల సంబోధనలు పక్కన పెట్టి, ఎదురుగా కూర్చున్నవాడితో మాట్లాడినట్టే వ్రాసేవారు. హర్ గోపాల్ తఫ్తా, మీర్ మెహదీ మజ్రూహ్ వంటి శిష్యులకు వ్రాసిన ఉత్తరాల్లో పోయినవారిని తలచుకుని ఏడ్చారు. అందులో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు, ఇంగ్లీషు స్నేహితులూ ఉన్నారు. ఆగ్రాలోని శివ్ నారాయణ్‌కు, అతని తాత బన్సీధర్‌తో తాము చిన్నప్పుడు చదరంగం ఆడిన సంగతి వ్రాశారు. అలా ఒక మనుమడికి తన తాత బాల్యం దొరికింది.

మన హైదరాబాదుకూ ఇందులో వాటా ఉంది. ఇక్కడి శిష్యుడు హబీబుల్లా జకాకు గాలిబ్ తమ వంశం కథ వ్రాశారు. తాత షా ఆలం కాలంలో హిందూస్తాన్ వచ్చిన సంగతి, తండ్రి హైదరాబాదులో నిజాం అలీ ఖాన్ కొలువు చేసి, తర్వాత అల్వర్‌కు పోయి పోరులో చనిపోయిన సంగతి ఆ ఉత్తరంలోనే ఉన్నాయి.

1858లో స్నేహితులు ఉత్తరాలను అచ్చు వేస్తామంటే గాలిబ్ ఇష్టపడలేదు. అయినా అందుకున్నవాళ్ళు పారేయలేదు. 1868లో 'ఊదె హిందీ' సంపుటం వచ్చింది. 1869 ఫిబ్రవరి 15న గాలిబ్ పోయారు. కొద్ది వారాలకే 'ఉర్దూయె ముఅల్లా' వచ్చింది. దాచినవాళ్ళు లేకుంటే అవి ఎక్కడివి?

మన ఇళ్ళలోనూ ట్రంకుపెట్టెల్లో తాతల ఉర్దూ ఉత్తరాలు పడి ఉన్నాయి. పిల్లలు ఆ లిపి చదవలేరు. చదవగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఉర్దూ పాఠాలు చెప్పుకునేవాళ్ళం గనుక ఈ బాధ మాకు బాగా తెలుసు. సభ్యులందరికీ మా విన్నపం ఒకటే. పెద్దలు ఉండగానే ఆ ఉత్తరాలు వారిచేత చదివించండి. ఎవరు, ఎవరికి, ఏ సంవత్సరంలో వ్రాశారో వేరే కాగితం మీద తెలుగులో వ్రాసి దానితో జతచేసి పెట్టండి. ఉర్దూ చదివేవారు ఇంట్లో లేకపోతే మా దగ్గరకు తీసుకురండి, కూర్చుని చదివి పెడతాము.