కొడుముడి కోకిల

ఈ నెల గోడపత్రికకు ఒక గాయని జీవితం రాయాలని మేడమ్ చెప్పగానే మా క్లాసులో సగం మంది సుశీలమ్మని, మిగిలిన సగం జానకమ్మని పంచేసుకున్నారు. నేను కె.బి. సుందరాంబాళ్ అన్నాను. వెనక బెంచీలో నవ్వు. తెల్లవారుజామున కోవెల మైకులో నిద్ర చెడగొట్టే ఆవిడేనా అని ఒకమ్మాయి అడిగింది. అవును, ఆవిడే. తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద తమిళ గాయని ఎందుకని ఇంకో అమ్మాయికి అనుమానం. దానికి జవాబు మధ్యలో వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

మాది ఈరోడ్డు పక్క. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా అవ్వకి రెండు భాషల్లోనూ పాటలు వచ్చు. సుందరాంబాళ్ సంగతులు నాకు మొదట చెప్పింది ఆమే. చదివి తెలుసుకున్నవి తర్వాత.

కె.బి. అంటే కొడుముడి బాలాంబాళ్. ఊరి పేరు, తల్లి పేరు. తండ్రి పేరు ఇంటి ముందు బోర్డు మీదా, పిల్లల పేర్ల ముందూ తప్పనిసరిగా ఉండే కాలంలో ఈ పిల్ల ముందు తల్లి పేరే నిలిచింది. ఎందుకంటే పెంచింది తల్లే. 1908లో కావేరి ఒడ్డున కొడుముడిలో పుట్టింది. పేద ఇల్లు. ఎంత పేదరికమంటే, చిన్నపిల్ల గొంతు బాగుందని గ్రహించి రైల్లో పాడించి, వచ్చిన డబ్బులతో ఇల్లు గడుపుకున్నారు. నేను సెలవులకి ఊరికి పోయేది ఆ లైను మీదే. ఈరోడ్డు నుంచి కరూరు పోయే పాసింజరులో ఇప్పటికీ పాడుకుంటూ వచ్చేవాళ్ళుంటారు. చాలాసార్లు వాళ్ళని చూడకుండా కిటికీలోంచి కావేరిని చూస్తూ కూర్చున్నాను. ఈ వ్యాసం కోసం చదివిన తర్వాత అలా చూడడం కష్టమైంది.

రైల్లో ఆ గొంతు విన్న ఒక పెద్దమనిషి ఆమెను నాటకాల వైపు నడిపించాడంటారు. ఆ పెద్దమనిషి ఎవరన్నదానికి రెండు మూడు కథలున్నాయి. ఏ కథ చెప్పేవాళ్ళు ఆ కథే నిజమంటారు. వాటిని వాళ్ళకే వదిలేద్దాం. పదేళ్ళు నిండే లోపే ఆ పిల్ల రంగం ఎక్కింది. మొదటి వేషాల్లో ఒకటి నల్లతంగాళ్ నాటకంలో ఆకలితో ఏడ్చే పిల్లది. కరువులో పిల్లల్ని నూతిలో తోసి తానూ దూకిన తల్లి కథ అది, మన పక్క అందరికీ తెలుసు. ఆకలి పాట పాడ్డానికి ఆ పిల్లకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

అప్పటి నాటకాల గురించి కొంచెం చెప్పాలి. మనకి నాటకం అంటే కాలేజీ డే రోజు ఇరవై నిమిషాలు. అప్పుడు రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లవారే దాకా. మైకు లేదు. చివరి వరసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా మాట, పాట, సంగతి, అన్నీ వినబడాలి. లేకపోతే వాడు ఊరుకోడు. అందుకే ఆనాటి నాటకాల వాళ్ళ శ్రుతి అంత పైన ఉండేది. స్పెషల్ నాటకం అని ఒక పద్ధతి. ఒకే కంపెనీ వాళ్ళు కాకుండా ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి విడివిడిగా పిలిపించి ఒకే రంగం మీద నిలబెట్టేవాళ్ళు. రిహార్సలు ఉండదు. కథ అందరికీ తెలిసిందే, వళ్ళి కల్యాణం లాంటిది. ఎవరి పాటలు వాళ్ళవి. ఒకరు పాట ఎత్తుకుంటే ఎదుటివాళ్ళు అక్కడికక్కడ దానికి దీటుగా పాడాలి. జనం వచ్చేదే ఈ పోటీ కోసం. ఓడిన వాళ్ళని ఈల వేసి పంపేవాళ్ళు. అలాంటి చోట ఇరవై నిండని ఆడపిల్ల నెగ్గుకొచ్చిందంటే గొంతు ఒక్కటే చాలదు, గుండె కూడా ఉండాలి.

నాటక కంపెనీలు అప్పట్లో సముద్రం దాటి కొలంబో దాకా పోయేవి. సుందరాంబాళ్ అక్కడ పేరు తెచ్చుకుంది. అక్కడికే వచ్చాడు సెంగోట్టై కిట్టప్ప. ఆమె కంటే రెండేళ్ళు పెద్ద. చిన్నప్పటి నుంచి రంగం మీదే పెరిగినవాడు. ఆయన పక్కన నిలబడితే నీ పాట ఎవరికీ వినపడదని కొందరు ఆమెను భయపెట్టారట. ఆమె నిలబడింది. తర్వాత జనం ఈ ఇద్దర్నీ విడివిడిగా చూడ్డానికి ఒప్పుకోలేదు.

ఇప్పుడు తెలుగు సంగతి. కిట్టప్ప తమిళ నాటకాల్లో త్యాగరాజ కీర్తనలు పాడేవాడు. కథలో ఆ పాటకి చోటుందా అని ఎవరూ అడగలేదు. దేవామృతవర్షిణి రాగంలో ఆయన పాడిన త్యాగరాజ కీర్తన రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. ఫోనులో వినిపిస్తే మా అవ్వ కళ్ళు మూసుకుని విని, ఒక్కచోట అక్షరం తమిళంగా పలికాడని తప్పు పట్టి, మళ్ళీ పెట్టమంది. సెంగోట్టై ఎక్కడ, తెలుగు ఎక్కడ. టిక్కెట్టు కొని నేల మీద కూర్చున్న తమిళ రైతులు అర్థరాత్రి ఆ తెలుగు పాటని వన్స్‌మోర్ కొట్టి పాడించుకున్నారంటే నాకు భలే సంతోషం. మన డిపార్ట్‌మెంటులో చేరినందుకు నన్ను వెక్కిరించే చుట్టాలకి ఇది చెబుతుంటాను.

1927లో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. కిట్టప్పకి అప్పటికే భార్య ఉంది. కులాలు వేరు. ఇవన్నీ తెలిసే చేసుకుంది. రంగం మీద జంటగా ఉన్నంతసేపు ఊళ్ళు ఊళ్ళు కదిలి వచ్చాయి, గ్రామఫోను రికార్డులు ఇంటింటికీ పోయాయి. రంగం దిగాక మాత్రం ఆ సంసారం నిలకడగా లేదు. పుట్టిన బిడ్డ దక్కలేదు. కిట్టప్ప దూరమయ్యాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు. తాగుడు, దాని వెంట జబ్బు. ఆమె ఉత్తరాలు రాసింది. జబ్బు పడ్డప్పుడు దగ్గర పెట్టుకుని చూసుకుంది. 1933 డిసెంబరు 2న ఆయన పోయాడు. ఆయనకి 27. ఆమెకి 25.

ఆ రోజు నుంచి తెల్లచీర. నగలన్నీ తీసేసింది. ఇంకెప్పుడూ మగ నటుడి పక్కన జంటగా నటించనని ఒట్టు పెట్టుకుంది. రంగం వదిలి కొడుముడి ఇంట్లో కూర్చుండిపోయింది.

ఆమె గురించి రాసిన ప్రతి చోటా ఈ ఒట్టుని దణ్ణం పెట్టి మరీ చెబుతారు. ఇక్కడ నా మనసు ఒప్పుకోవడం లేదు. మా అవ్వ 28 ఏళ్ళకే తాతని పోగొట్టుకుంది. అంతకుముందు మా వీధిలో ఏ పెళ్ళయినా అవ్వ పాటే. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు ఒకటి, తలుపు దగ్గర ఒకటి, హారతికి ఒకటి. తాత పోయాక ఆమెని ఎవరూ పిలవలేదు. పిలవొద్దని ఎవరూ చెప్పలేదు కూడా. అది అందరికీ తెలిసిన విషయం అన్నట్టు ఊరుకున్నారు. అవ్వ ఏ ఒట్టూ పెట్టుకోలేదు. ఆమె కోసం ఊరే పెట్టేసింది. అందుకే సుందరాంబాళ్ తెల్లచీరని గొప్ప అనాలంటే నాకు నోరు రావడం లేదు. ప్రేమతో కట్టిందనే నమ్ముతాను. కానీ కట్టకపోతే ఆ జనం ఊరుకునేవాళ్ళా అన్న ప్రశ్న కూడా అడగాలి.

మా అవ్వతో ఇది వాదించాను. ఆమె నా మాట పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ చీర కట్టుకున్నందుకే ఆ తర్వాత ఒంటరి ఆడది ఊరూరా తిరిగి పాడగలిగిందని, ఒక్క మగవాడు కూడా చెడ్డమాట అనలేకపోయాడని అవ్వ లెక్క. చీర ఆమెకి సంకెల కాదు, గొడుగు అంది. ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మళ్ళీ పాడింది కదా, అదే అసలు కథ. ఆమెను ఇంట్లోంచి బయటికి రప్పించడానికి చాలామంది ప్రయత్నం చేశారు. వాళ్ళలో కాంగ్రెసు నాయకుడు సత్యమూర్తి ముఖ్యుడు. నాటకాల వాళ్ళని చిన్నచూపు చూడకుండా, వాళ్ళ పాట స్వరాజ్యానికి పనికొస్తుందని గుర్తించినవాడాయన. ఆమె బయటికి వచ్చింది. కానీ ఈసారి జంట లేదు. వళ్ళి లేదు, వేలన్ లేడు. కచేరీ వేదిక మీద ఒక్కతే, ఖద్దరు చీరతో, నుదుట విభూతితో. ఎదుటి గొంతుకు దీటుగా పాడ్డానికి అలవాటు పడ్డ మనిషి, ఇప్పుడు ఎదుట ఎవరూ లేకుండా మూడు గంటలు నిలబెట్టాలి. నిలబెట్టింది. కాంగ్రెసు సభల్లో ఉపన్యాసాల ముందు ఆమె పాట ఉంటే మైదానం నిండేది. గాంధీగారు కొడుముడిలో ఆమె ఇంట భోంచేసి, వడ్డించిన బంగారు పళ్ళెం కూడా నిధికి అడిగి తీసుకున్నారని మా పక్క ఇప్పటికీ చెప్పుకుంటారు.

సినిమా వాళ్ళు వచ్చారు. హసన్‌దాస్ అనే నిర్మాత నందనార్ వేషం వెయ్యమన్నాడు. వద్దంటే వదిలేలా లేడు. లక్ష రూపాయలిస్తే చేస్తానంది, ఆ మాటతో లేచి పోతాడని. అతను సరేనన్నాడు. 1935లో లక్ష! ఈ దేశంలో అంత డబ్బు అంతకుముందు ఏ సినిమా నటుడూ తీసుకోలేదంటారు. ఆమె తన ఒట్టూ తప్పలేదు. నందనార్ మగ వేషం, ఇక జంటగా నటించే ప్రశ్నే లేదు. ఎదుట వేదియర్ వేషం సంగీత విద్వాంసుడు మహారాజపురం విశ్వనాథ అయ్యర్ వేశారు. ఇంత చేసీ సినిమా బాగా రాలేదు. రచయిత కల్కి పత్రికలో ఉతికి ఆరేశాడు. జంకలేదు, మళ్ళీ కచేరీలకి పోయింది. తర్వాత 1940లో మణిమేకలై. అందులోనూ సన్న్యాసిని కథే.

1951లో మద్రాసు శాసనమండలికి సభ్యురాలైంది. సినిమా మనిషి ఒకరు చట్టసభ మెట్లెక్కడం దేశంలో అదే మొదలని అంటారు. ఆంధ్ర విడిపోని రోజులవి. ఆ మండలిలో తెలుగువాళ్ళు బోలెడంతమంది. వాళ్ళ ముందు ఈ రైలు పాటల పిల్ల కూర్చుంది.

జెమిని వాసన్ 1953లో తీసిన అవ్వైయార్‌తో ఆమె ఊరూరికీ చేరింది. పెళ్ళి వద్దని వినాయకుణ్ణి వేడుకుని, వయసులోనే ముసలిదైపోయిన కవయిత్రి కథ. ఆ వేషం ఆమె కోసమే పుట్టినట్టుంటుంది. మా అవ్వ దాన్ని చిన్నప్పుడు టూరింగు టాకీసులో, ఇసక మీద కూర్చుని చూసింది. పేరులోనే అవ్వ ఉందని, అది మన తెలుగు ముసలమ్మ కథే అని చాలాకాలం అనుకుందట! అంతలా అనుకోవడంలో తప్పేముంది, నాకూ ఆ సినిమా చూస్తుంటే మా ఇంట్లో మనిషిలాగే కనబడుతుంది. 1965లో తిరువిళయాడల్‌లో మళ్ళీ అవ్వైయారే. అప్పటికి ఆమెకు యాభై ఏడు. కొండ మీద అలిగి నిలబడ్డ పిల్ల మురుగన్‌ని బుజ్జగిస్తూ పాడుతుంటే ఆ గొంతు ఎక్కడా వణకదు. ఒకసారి వినండి, అప్పుడు నవ్వండి.

సుశీలమ్మని ఎంచుకున్న వాళ్ళకి ఒక మాట. ఉత్తమ గాయనిగా జాతీయ అవార్డు మొదట అందుకున్నది మన విజయనగరం పి. సుశీల, 1968 సంవత్సరానికి. ఆ వెంటనే 1969కి తుణైవన్ సినిమా పాటకి అందుకున్నది కె.బి. సుందరాంబాళ్, అరవై దాటాక. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1973లో కారైక్కాల్ అమ్మైయార్‌లో కూడా నటించింది. 1980 సెప్టెంబరులో కన్నుమూసింది. తెల్లచీర కట్టి అప్పటికి దగ్గర దగ్గర నలభై ఏడేళ్ళు.

ఈ వ్యాసం రాసి మొన్న ఊరికి పోయినప్పుడు అవ్వకి చదివి వినిపించాను. తన గురించి రాసిన ముక్క వచ్చేసరికి తీసెయ్యమంటుందేమో అనుకున్నాను. తీసెయ్యమనలేదు. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు పాడేది ఒకటి కాదు, రెండు అని దిద్దింది. ఆ రెండోది ఏదని అడిగితే, వంటింట్లోకి పోయి పొయ్యి దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా ఎత్తుకుంది. మధ్యలో చరణం మర్చిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పాడింది. నేను రాసుకున్నాను. వచ్చే నెల మా అక్క పెళ్ళి.