సుబ్బరామ దీక్షితులు

కర్ణాటక సంగీతంలో ఒక కృతి ఒకరినుండి మరొకరికి చేరే మార్గం చాలాకాలం ఒక్కటే. గురువు పాడాలి, శిష్యుడు ఎదుట కూర్చుండి విని, తిరిగి పాడాలి. సాహిత్యాన్ని తాళపత్రాలపై వ్రాసుకొన్నవారు ఉన్నారు గాని స్వరాన్ని వ్రాసుకొన్నవారు తక్కువ, గమకాన్ని వ్రాసుకొన్నవారు మరీ అరుదు. అందువల్ల విద్వాంసుడు కన్నుమూస్తే ఆయన కంఠంలోని రాగచ్ఛాయలు సైతం ఆయనతోనే మరుగునపడేవి. తమకు ప్రాణప్రదమైన కృతులను యోగ్యుడైన శిష్యునికి తప్ప ఇతరులకు వినిపించడానికి ఇష్టపడని విద్వత్కుటుంబాలు ఎన్నో ఉండేవి. అట్టి కుటుంబంలో పెరిగి, వార్ధక్యంలో ఆ కట్టుబాటును దాటి, వంశధనమైన సంగీతాన్ని లోకానికి పంచి ఇచ్చిన మహనీయుడు సుబ్బరామ దీక్షితులు.

ఆయన 1839లో తిరువారూరులో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు బాలసుబ్రహ్మణ్యశర్మ. సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులు ఆయనకు మాతామహులు. బాలస్వామి సామాన్యుడు కాడు. మద్రాసు సమీపంలోని మణలిలో ఉన్న కాలంలో ఆంగ్లేయుల వాద్యబృందానికి చెందిన కళాకారుని వద్ద వయొలిన్ అభ్యసించి, ఆ పరదేశవాద్యాన్ని మన సంగీతానికి అనువుగా మలచిన ఖ్యాతి ఆయనది. పిమ్మట ఎట్టయపుర సంస్థానంలో ఆస్థాన విద్వాంసులై స్థిరపడ్డారు. పుత్రసంతానం లేకపోవడంతో కుమార్తె కుమారుని అయిదేళ్ల వయసులో దత్తత చేసుకొన్నారు. ఆ విధంగా సుబ్బరామ దీక్షితులకు తాతగారే తండ్రి, తండ్రియే గురువు అయ్యారు.

ఎట్టయపురం నేటి తమిళనాడులోని తూత్తుక్కుడి జిల్లాలో ఉన్నది. అక్కడి పాలకులు తెలుగు మూలాలు గల నాయక వంశీయులు. సుబ్బరామ దీక్షితులు చిన్ననాటనే సంస్కృతాంధ్రాలలో పాండిత్యం సంపాదించారు. దక్షిణాదిన సంగీతం నేర్చేవారికి ఆనాడు తెలుగు తప్పనిసరి. పదాలు, వర్ణాలు, దరువులు ఎక్కువగా ఆ భాషలోనివే కదా!

ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఎట్టయపురంలోనే పరమపదించారు. అంటే సుబ్బరామ దీక్షితులు పుట్టుటకు నాలుగేళ్లముందు. పెదతాతగారిని ఆయన కన్నులారా చూడలేదు. అయితే అన్నగారితో కలిసి పెరిగి, కలిసి పాడిన బాలస్వామి నోటినుండి ఆ కృతులను నేర్చుకొన్నారు. సృష్టికర్తకూ ఆయనకూ నడుమ ఉన్నది ఒక్క కంఠమే. ఆయన జీవితానికి ఇదే గొప్ప భాగ్యం, ఇదే గొప్ప బాధ్యత కూడా.

పదిహేడేళ్ల వయసులో ఆయన దర్బారు రాగంలో ఒక తానవర్ణం రచించి రాజసభలో పాడారు. అంత ప్రౌఢమైన రచన ఆ పిల్లవానిది కాదు, తాతగారిదే అయి ఉంటుందని సభలో సందేహం తలెత్తింది. అప్పుడు నియమాలు విధించి, మరొక రచనను కొత్తగా కూర్చమన్నారు. ఆయన కూర్చి వినిపించి మెప్పు పొందారు. అనతికాలంలోనే ఆస్థాన విద్వాంసులైనారు. 1859లో బాలస్వామి మరణించడంతో, ముద్దు వేంకటమఖి సంప్రదాయపు గీతాలు, లక్షణశ్లోకాలు, రామస్వామి దీక్షితుల రచనలు, ముత్తుస్వామి కృతులు అన్నీ ఇరవయ్యేళ్ల యువకుని రక్షణలోకి వచ్చాయి. సుమారు నలభై ఏళ్లు ఆయన వాటిని కంటికి రెప్పలా కాపాడారు. కాపాడారు గాని లోకానికి పంచలేదు.

ఈ దశలో ఆయన జీవితంలోకి ప్రవేశించిన వ్యక్తి చిన్నస్వామి మొదలియారు. ఆయన మద్రాసులో ప్రభుత్వోద్యోగి, క్రైస్తవుడు, పాశ్చాత్య సంగీతంలోనూ కృషి చేసిన విద్యావంతుడు. మన కీర్తనలు వ్రాతలో లేకపోతే కాలక్రమాన రూపుమాసిపోతాయని ఆయన దిగులు చెందారు. వాలాజాపేట శిష్యపరంపర నుండి త్యాగరాజస్వామి కీర్తనలను సేకరించి, పాశ్చాత్య స్వరలిపిలో 1890లలో ప్రకటించారు. త్యాగరాజ కీర్తనలు కొంతవరకు లభించాయి. మరి దీక్షితుల కృతుల మాట ఏమిటి? వాటికి ప్రామాణికమైన పాఠం సుబ్బరామ దీక్షితుల వద్ద ఉన్నది. మొదలియారు ఆయనను ప్రార్థించారు. దీక్షితులు వెనుకాడారు.

ఈ వెనుకాటును సంకుచితత్వమని తేలికగా తీసిపారవేయరాదు. గురుముఖంగా ఏళ్ల తరబడి సాధించవలసిన విద్య పుస్తకంలోకెక్కితే, అనర్హుల చేతిలో వికృతమవుతుందన్న భయం ఆనాటి విద్వాంసులకు సహజం. పైగా రాగాన్ని రాగంగా నిలిపేది స్వరాల వరుస మాత్రమే కాదు. ఒక స్వరం ఎట్లా కదలుతుంది, పక్కస్వరాన్ని ఎట్లా తాకుతుంది అన్నదే రాగానికి ప్రాణం. ఆ ప్రాణాన్ని కాగితంపై నిలపడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు అప్పటికి సమాధానం లేదు.

1899లో ఎట్టయపుర రాజుగారి పట్టాభిషేకం జరిగింది. ఆ సందర్భంలో మొదలియారు అక్కడికి వచ్చి, ఈ సంగీతాన్ని ప్రకటింపజేయవలసిందని ప్రభువునే వేడుకొన్నారు. రాజు ఆజ్ఞాపించారు, వ్యయభారం వహించారు. దీక్షితులకు అప్పటికి అరవై ఏళ్లు. ఒకసారి అంగీకరించిన పిమ్మట ఆయన ఏదీ దాచుకోలేదు. 1901లో మొదలైన ముద్రణ 1904లో ముగిసింది. ఎట్టయపురంలోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో తెలుగు లిపిలో అచ్చయిన ఆ మహాగ్రంథమే ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’.

సుమారు పదిహేడు వందల పుటల గ్రంథమిది. దీనిని 72 మేళాల క్రమంలో తీర్చారు. ప్రతి ప్రధానరాగానికీ లక్షణశ్లోకం, వివరణ, ఆపై గీతం, తానం, కృతి, చివర దీక్షితులు స్వయంగా రచించిన సంచారి ఉంటాయి. సంచారి అంటే ఆ రాగం నడిచే దారులను చూపే రచన. ముత్తుస్వామి దీక్షితుల కృతులే ఇందులో 229 ఉన్నాయి. క్షేత్రయ్య పదాలకు, శ్యామశాస్త్రి కృతులకు, పచ్చిమిరియం ఆదియప్పయ్య భైరవి వర్ణానికి కూడా ఇందులో స్థానం దక్కింది. తమ ఇంటి రచనలను మాత్రమే ప్రకటించి ఊరకుంటే తప్పుపట్టేవారు లేరు. ఆయన తమకు నచ్చిన ఇతరుల రచనలనూ అంతే శ్రద్ధతో స్వరపరచి ఇచ్చారు.

మేళాల పేర్లలో ఒక విశేషం ఉంది. ఈనాడు సంగీతవిద్యార్థులు మొదటి మేళాన్ని కనకాంగి అంటారు. దీక్షితుల సంప్రదాయంలో అది కనకాంబరి. నేటి ఖరహరప్రియ స్థానంలో శ్రీరాగం, మేచకల్యాణి స్థానంలో శాంతకల్యాణి కనిపిస్తాయి. ఈ గ్రంథం రాకుంటే ఈ రెండవ దారి పండితచర్చల్లో పేరుగా మాత్రమే మిగిలి ఉండేదేమో.

గమకాల సమస్యను ఆయన పరిష్కరించిన తీరు మరింత మెచ్చదగినది. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు మొదలైనవాటికి వేరువేరు చిహ్నాలు ఏర్పరచి, ఆయా స్వరాలపై ముద్రింపజేశారు. వీణ మీటేవారు ఏ స్వరాన్ని ఊపాలో, దేనిని నొక్కాలో, ఎక్కడ జారాలో ఆ గుర్తులనుబట్టి తెలుసుకోవచ్చు. గురువు లేకుండా పాట వచ్చేస్తుందని ఆయన భ్రమపడలేదు. గురువు చెప్పినదానిని సరిచూసుకొనే ఆధారాన్ని ఇచ్చారు. దానికితోడు డెబ్బైకి పైగా వాగ్గేయకారుల, లాక్షణికుల చరిత్రలను తెలుగు వచనంలో వ్రాసి చేర్చారు. పూర్వ విద్వాంసులను గురించి నేడు తెలిసిన విషయాలలో చాలావాటికి ఆ పుటలే ఆకరం.

గ్రంథం వెలువడిన 1904లోనే, హిందుస్తానీ సంగీతశాస్త్ర పరిశోధకుడైన విష్ణునారాయణ భాత్‌ఖండే దక్షిణయాత్రలో భాగంగా ఎట్టయపురానికి వచ్చి దీక్షితులతో చర్చలు జరిపారు. ఒకప్పుడు గడపదాటని సంగీతం కోసం దూరదేశపు పండితుడు ఇంటికి రావడం చిన్న మార్పు కాదు. మరుసటి సంవత్సరం ప్రారంభదశలోని విద్యార్థుల కోసం దీక్షితులు ‘ప్రథమాభ్యాస పుస్తకము’ ప్రకటించారు. మహాగ్రంథం వ్రాసిన చేతితోనే బాలపాఠాలూ వ్రాశారు.

1906లో ఆయన స్వర్గస్థులైనారు. అదే ఎట్టయపురంలో పుట్టిన యువకవి సుబ్రహ్మణ్య భారతి తమిళంలో స్మృతిపద్యాలు వ్రాసి నివాళి అర్పించాడు. దీక్షితుల కుమారుడు అంబి దీక్షితులు పిమ్మట మద్రాసు చేరి ఆ కృతులను నేర్పసాగారు. ఆయన వద్ద నేర్చుకొన్నవారిలో డి.కె. పట్టమ్మాళ్ ఒకరు. దీక్షితుల కృతులు ఆమె కంఠం ద్వారా సభావేదికలకు, గ్రామఫోను రికార్డులకు ఎక్కి, ఎట్టయపురం పేరైనా వినని శ్రోతల ఇళ్లకు చేరాయి.