నీచుడెవ్వడు? – బసవేశ్వరుని కొలబద్ద

నీచశబ్దమునకు మొదటి అర్థము క్రిందనున్నది అని మాత్రమే. లోకము దానిని పుట్టుకకు ముడివేసి తిట్టుగా మార్చినది. దుష్టశబ్దము అట్టిది కాదు. దాని ధాతువునకు చెడుట అని అర్థము. చెడునది నడత గాని పుట్టుక కాదు. ఈ భేదమును తన జీవితముచేత లోకమునకు తెలిపిన మహనీయుడు బసవేశ్వరుడు.

ఆయన 12వ శతాబ్దిలో, నేటి కర్ణాటకమునందలి బాగేవాడిలో, మాదరస మాదలాంబికలకు బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. బాల్యముననే ఉపనయనమును కాదని, కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమును చేరి విద్య నభ్యసించెను. పిమ్మట కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారాధికారియై, మంత్రిపదవి నలంకరించెను.

ఆయన వచనములలో ఏడు దోషములు వర్జ్యములుగా చెప్పబడినవి. దొంగతనము, హత్య, అసత్యము అను మూడింటిని లోకమంతయు పాపములనియే యెంచును. కోపము, పరులయెడ ఏవగింపు, ఆత్మస్తుతి, పరనింద అను నాలుగు మాత్రము సజ్జనులమనుకొనువారి యిండ్లలోనే తరచుగ కాపురముండును. బసవేశ్వరుడు వీనిని ఆ మూడింటి సరసనే నిలిపెను. కులము పేర సాటివానిని ఏవగించుకొను పెద్దమనిషి, దొంగ ప్రక్కనే నిలువవలసినవాడయ్యెను.

మరి దొంగ సంగతి యేమి? ఒకనాడు దొంగలు ఆయన ఆవులను తోలుకొనిపోయిరట. తల్లులకై అలమటించుచున్న లేగలను గూడ వారికి పంపుడని ఆయన చెప్పెనని కథ. దొంగతనము దోషమే, దొంగ మాత్రము వెలివేయదగినవాడు కాడు.

అనుభవమంటపమున అన్ని వృత్తులవారును సరిసమానముగ కూర్చుండిరి. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడై పుట్టిన మధువరసు కుమార్తెకు వివాహము జరిగినదని సంప్రదాయము చెప్పును. ధర్మరక్షణమను పేర రాజు ఆ తండ్రులను క్రూరముగ దండించెను. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. చంపినవారు శరణులేయని ప్రతీతి. అప్పటికే బసవేశ్వరుడు కల్యాణమును వీడెననియు, కూడలసంగమముననే లింగైక్యము చెందెననియు పెక్కురు చెప్పుదురు.

ఆ శతాబ్దము గడచిన పిదప పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించి, ఈ చరితమును తెలుగువారి యిండ్లకు చేర్చెను. దానిని చదువు మనము ఒక్కటి మరువరాదు. హత్యయు, కోపమును వర్జ్యములన్నప్పుడు, మనవారు చేసిన హత్యకును, మనవారి కోపమునకును ఆయన మినహాయింపు నీయలేదు. పరుల దుష్టత్వమును కొలుచుటకు ముందు, ఆ కొలబద్దను మన గడపలోనే నిలుపవలెను.