సర్కారు వకీలు అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు

ఈ నెల ధ్యానమునకు నెహెమ్యా గ్రంథములోని మొదటి ఆరు అధ్యాయములు చదువుకొందము. పరదేశపు రాజునకు పానపాత్ర అందించిన నెహెమ్యా, ఆ రాజు సెలవుతోనే యెరూషలేమునకు పోయి తనవారి గోడ కట్టెను. పరరాజు కొలువు చేసినవాడు స్వజనులకు పనికివచ్చునా? ఈ ప్రశ్న మన దేశపు వకీలు ఒకరి జీవితమును జ్ఞప్తికి తెచ్చుచున్నది.

అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు 1883లో నెల్లూరు జిల్లా పుదూరు గ్రామమున పుట్టిరి. తండ్రి ఏకామ్ర శాస్త్రిగారు పౌరోహిత్యము చేసినవారు. ఆ ఇంటి కుమారుడు చెన్నపట్టణములో స్కాట్లండు మిషనరీలు స్థాపించిన క్రిస్టియన్ కాలేజీలో చదువుకొనిరి. మిషను బడి గుమ్మము తొక్కినవారందరు క్రైస్తవులు కాలేదు. అయినను ఆ బడులు దేశమునకు చేసిన మేలు తక్కువది కాదని మా నమ్మిక.

తరువాత న్యాయశాస్త్ర పట్టా పొంది మద్రాసు హైకోర్టులో పేరు గడించిరి. 1929లో మద్రాసు రాష్ట్ర అడ్వొకేటు జనరలుగా నియమింపబడి 1944 వరకు ఆ పదవిలో ఉండిరి. కరీంనగరు, ఆదిలాబాదు కోర్టులలో దొంగతనము, హత్య కేసులు నడిపించు పబ్లిక్ ప్రాసిక్యూటరును మన గ్రామస్థులు సర్కారు వకీలందురు. అడ్వొకేటు జనరలు రాష్ట్రమంతటికి సర్కారు వకీలు. హైకోర్టులో ప్రభుత్వ పక్షమున వాదించుట, చట్టము విషయమున ప్రభుత్వమునకు సలహా చెప్పుట ఆయన పని. ముఖస్తుతి చేయువాడు ఆ పనికి తగడు. చట్టము ఇందుకు ఒప్పదని ప్రభుత్వమునకు చెప్పవలసినవాడు ఆయనే గదా!

అది తెల్లదొరల ప్రభుత్వము. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1921లో మంచి రాబడిగల వకీలు వృత్తిని వదలి స్వాతంత్ర్యోద్యమములో దిగిరి. అల్లాడివారు కోర్టు విడువలేదు. 1932లో సర్ బిరుదము కూడ పుచ్చుకొనిరి. ఇది మన చదువరులలో కొందరికి రుచింపకపోవచ్చును. జైలుకు పోయినవారి త్యాగమును మేము తక్కువ చేయము. కాని అల్లాడివారి విద్య ఎక్కడ అక్కరకు వచ్చెనో చూడుడి.

1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా సంఘము ఏర్పడెను. అందలి ఏడుగురిలో అల్లాడివారొకరు. అధ్యక్షులు డాక్టరు అంబేద్కరుగారు. పని ముగియు దినములలో, 1949 నవంబరులో, అంబేద్కరుగారు సభలో మాటలాడుచు, అల్లాడివారివంటి తనకంటె సమర్థులు ఉండగా తన్ను అధ్యక్షునిగా ఎన్నుకొనుట తనకే ఆశ్చర్యము కలిగించినదని ఒప్పుకొనిరి. పెద్దవారి నోట ఇట్టి మాట అరుదు. నెహెమ్యా గోడ 52 దినములలో ముగిసెను. మన రాజ్యాంగమునకు ఇంచుమించు మూడేండ్లు పట్టెను.

ఆ పనిలో మన పల్లెలకు ముఖ్యమైన సంగతి ఒకటి గలదు. చదువురాని కోట్లమంది చేతికి ఓటు ఇయ్యవచ్చునా అను సందేహము ఆనాడు అనేకులకుండెను. అల్లాడివారు వయోజనులందరికి ఓటు ఇచ్చుటను సమర్థించి, సామాన్యునియందు సభవారు ఉంచిన నమ్మకమును సంతోషముతో ప్రస్తావించిరి. నిజాము కాలమున మన జిల్లాల జీతగానికి, నాట్లు వేయు కూలి స్త్రీకి, సర్కారును ఎన్నుకొను హక్కు ఎక్కడిది? 1952 ఎన్నికలలో దొరకు ఒక్కటే ఓటు, జీతగానికిని ఒక్కటే ఓటు.

ఆ మొదటి ఎన్నికలు చూచిన పిమ్మట, 1953 అక్టోబరు 3న అల్లాడివారు కన్ను మూసిరి. వారి కుమారుడు కుప్పుస్వామిగారు తరువాతి కాలమున హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిరి. ఆ దినములలో కరీంనగరు, ఆదిలాబాదు కోర్టుల తీర్పులపై అప్పీళ్లు ఆ హైకోర్టునకే పోవుచుండెను.