విద్యాఋణము తీర్చిన అశుతోష ముఖర్జీ

మన దేశమున దానమునకు కొఱత లేదు. చెరువు త్రవ్వించినవారును, సత్రము కట్టించినవారును, దేవాలయమునకు మాన్యము వ్రాసి యిచ్చినవారును లేని తాలూకా యుండదు. అయినను తాను చదివిన విద్యాలయమునకు తన ఆర్జనలో కొంతభాగము తిరిగి యీయవలెనను తలంపు మనలో పలువురకు తోచదు. రుసుము చెల్లించితిమి, పట్టము పుచ్చుకొంటిమి, లెక్క తీరిపోయినదని భావింతుము. విద్యార్థి చెల్లించు రుసుము విద్యకు మూల్యము కాదు. ఆ విద్యాలయపు గోడలును, గ్రంథములును, ఆచార్యుల జీవనమును అతనికి ముందు పుట్టినవారు సమకూర్చినవి. ఈ సత్యమును మాటలచేత గాక కార్యముచేత నిరూపించిన మహనీయుడు సర్ అశుతోష ముఖర్జీ. ఆయన గతించి నూఱు సంవత్సరములు దాటినను, ఆయన చరిత్ర మన పట్టభద్రులకును, ధనవంతులకును నేడును పాఠ్యగ్రంథము వంటిదని మా విశ్వాసము. కావున దానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

అశుతోషుడు 1864 వ సంవత్సరము జూను 29 వ తేదీని కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి గంగాప్రసాద ముఖర్జీ వైద్యుడు. బాలుడు గణితశాస్త్రమున అసాధారణ ప్రజ్ఞ కనబఱచెను. ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యార్థిగా నున్న దినములలోనే ఇంగ్లండునందలి గణితపత్రికలు ఆయన వ్యాసములను ప్రకటించెను. 1885 లో గణితమునందును, మఱుసటి సంవత్సరము ప్రకృతిశాస్త్రములందును ఎం. ఏ. పట్టములు పొంది, 1886 లోనే ప్రేమచంద్ రాయచంద్ విద్యార్థివేతనమును గెలుచుకొనెను.

ఈ వేతనము పుట్టుక తెలిసికొనదగినది. ప్రేమచంద్ రాయచంద్ బొంబాయి ప్రత్తివర్తకుడు. వంగదేశముతో ఆయనకు పుట్టుకచేత గాని చదువుచేత గాని సంబంధము లేదు. అయినను ఆయన 1866 లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు రెండు లక్షల రూపాయలిచ్చెను. ఆ మూలధనముపై వచ్చు వడ్డీయే ఈ వేతనము. ఎన్నడును చూడని వర్తకుడొకడు ఇరువదియేండ్లకు పూర్వము నాటిన చెట్టు ఫలమును అశుతోషుడు అనుభవించెను. పిదప 1898 లో ఆయన వహించిన ఠాకూరు న్యాయశాస్త్రాచార్య పదవియు ప్రసన్నకుమార ఠాకూరు మరణశాసనముచేత ఏర్పడినదే. దానము ఎంత దూరము పాఱునో, ఎవరి పొలమును తడుపునో దాతకు తెలియదు. కాలువ త్రవ్వినవాడు ప్రతిమడిని చూచి త్రవ్వడు గదా!

దానము లేకపోయిన ఏమగునో కూడ ఆయనకు స్వానుభవముననే తెలిసెను. అశుతోషుని కోరిక గణితశాస్త్ర పరిశోధనయందే జీవితము గడపవలెనని. ఆ విశ్వవిద్యాలయమునకు మొదటి భారతీయ వైస్‌ఛాన్సలరైన సర్ గురుదాస బెనర్జీ ఈ యువకుని ప్రజ్ఞ నెఱిగి, ఆయన కొఱకొక ఆచార్యపీఠమును నెలకొల్పుటకై విరాళములు కూర్చ యత్నించెను. అంతటి సంపన్ననగరమున ఆ స్వల్పధనము సమకూడలేదు. గణితశాస్త్రము తన పుత్రుని కోల్పోయెను; న్యాయవాదవృత్తి లాభపడెను. 1888 లో వకీలుగా చేరిన అశుతోషుడు 1904 లో హైకోర్టు న్యాయమూర్తి యయ్యెను. లోకము దానిని మహాభ్యుదయ మనుకొనెను. కాని తనకు దొరకని పీఠము రాబోవు యువకులకైన దొరకవలెనను పట్టుదల ఆయన హృదయమున ఆనాడే నాటుకొన్నదని మేము తలంచుచున్నాము. తరువాతి కార్యములే అందుకు సాక్ష్యము.

1906 లో ఆయన వైస్‌ఛాన్సలరయ్యెను. అప్పటికి ఆ విశ్వవిద్యాలయము ప్రధానముగా పరీక్షలు జరపి పట్టములిచ్చు కార్యాలయము వంటిది. కళాశాలలు వేఱు, విశ్వవిద్యాలయము వేఱు. స్వంత ప్రయోగశాలలు లేవు. పరిశోధన చేయు శాస్త్రాచార్యులు లేరు. న్యాయమూర్తి పదవిని నిర్వహించుచునే, జీతములేని ఈ బాధ్యతను ఆయన 1914 వఱకు ఎడతెగక మోసెను. దర్భంగా మహారాజు రెండున్నర లక్షలీయగా గ్రంథాలయమునకు భవనము లేచెను. అయినను శాస్త్రకళాశాల నెలకొల్పుటకు అంతకు బహుగుణముల ధనము కావలెను. ప్రభుత్వపు చేయి బిగువు. అది యిచ్చినను దానివెంట ఉత్తరువులు వచ్చును. కావున ఆయన తన చుట్టునున్న విద్యావంతులవైపు, అందును తాను చిరకాలము మెలగిన న్యాయవాదుల వైపు దృష్టి సారించెను.

మొదట ముందునకు వచ్చినవాడు సర్ తారకనాథ పాలిత్. ఆయన ప్రసిద్ధ బారిస్టరు. స్వదేశోద్యమ కాలమున జాతీయ విద్యకు, పారిశ్రామిక శిక్షణకు విరివిగా ధనమిచ్చినవాడు. 1912 లో ఆయన రెండు పత్రముల మూలమున భూములు, భవనములు, ధనము కలిపి సుమారు పదునైదు లక్షల విలువ గల ఆస్తిని విశ్వవిద్యాలయమునకు వ్రాసి యిచ్చెను. పదార్థవిజ్ఞానమునకును, రసాయనశాస్త్రమునకును పీఠము లేర్పడెను. ఆ పీఠములందు భారతీయులే కూర్చుండవలెనని ఆయన నియమము. ఉన్నతశాస్త్రపదవులు విదేశీయులకే తగునను భావము ప్రబలియున్న ఆ దినములలో, ఆ ఒక్క నియమము ఎన్నియో సభాతీర్మానములు చేయలేని పనిని చేసెను.

మఱుసటి సంవత్సరమే, అనగా 1913 లో, డాక్టరు రాసబిహారీ ఘోష్ పది లక్షలిచ్చెను. ఈయన ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి ఆ విశ్వవిద్యాలయముననే ఎం. ఏ. పట్టమును, న్యాయశాస్త్రమున డాక్టరు పట్టమును పొందిన పూర్వవిద్యార్థి. 1907 లో సూరతునందును, 1908 లో చెన్నపట్టణమునందును జరిగిన కాంగ్రెసు మహాసభల కధ్యక్షత వహించినవాడీయనే. గణితము, పదార్థవిజ్ఞానము, రసాయనము, వృక్షశాస్త్రము అను నాలుగింటికి పీఠములు నెలకొల్పి, వృక్షశాస్త్రమునందు వ్యవసాయమునకు ప్రత్యేకశ్రద్ధ వహింపవలెనని కోరెను. పీఠములతోపాటు పరిశోధకవిద్యార్థులకు వేతనములును ఏర్పఱచెను. ఆఱేండ్లకు, 1919 లో, ప్రయుక్తశాస్త్రముల కొఱకు మఱి పదునొకండు లక్షలకు పైగా ఇచ్చెను. ఒకమాఱు ఇచ్చినవాడు తన సొమ్ము ఫలించుట కన్నులార చూచి రెండవమాఱు అంతకధికముగా ఇచ్చుట గమనింపదగినది. దాతను కనుగొనుట సగము పని. ఇచ్చిన ప్రతి రూపాయయు ఇచ్చిన పనికే చెల్లినదని అతనికి చూపుట తక్కిన సగము. అశుతోషుని విజయరహస్యమిదియే.

1914 మార్చి 27 వ తేదీని అప్పర్ సర్క్యులర్ రోడ్డున శాస్త్రకళాశాలకు అశుతోషుడు శంకుస్థాపన చేసెను. గోడలు లేచుచుండగనే ఆయన మనుష్యులను వెదకెను. రసాయనమున పాలిత్ పీఠమునకు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయి వచ్చెను. పదార్థవిజ్ఞాన పీఠమునకు, బాల్యమున మన విశాఖపట్టణమునందు చదువుకొన్న చంద్రశేఖర వేంకటరామను, ప్రభుత్వ ఆర్థికశాఖలోని పెద్దజీతమును వదలి 1917 లో చేరెను. ఆచార్యుడు విదేశములలో శిక్షణ పొందవలెనని యొక నియమముండగా, రామను అందుల కంగీకరింపలేదు. యోగ్యుని కొఱకు నియమము గాని, నియమము కొఱకు యోగ్యుడు గాదని అశుతోషుడు దానిని సడలింపజేసెను. 1928 లో రామను కనుగొన్న కాంతిధర్మమునకు 1930 లో నోబెల్ బహుమానము లభించినది లోకవిదితము.

మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసు అను ఇద్దఱు యువకులు ఆ కళాశాలలోనే ఉపన్యాసకులుగా కాలిడిరి. సాహా 1919 లో యూరపునకు పోగలిగినది ఏ ధనముచేత? ప్రేమచంద్ రాయచంద్ వేతనముచేత. ఆ బొంబాయి వర్తకుడు అప్పటికి కీర్తిశేషుడు. ఆయన రెండు లక్షలు 1886 లో అశుతోషుని పోషించి, ముప్పదిమూడేండ్లకు అశుతోషుడు తెచ్చిన యువకుని పోషించెను. మూలధనము చెక్కుచెదరక, వడ్డీ మాత్రము తరతరములకు విత్తనమగుచుండెను. కృషీవలులైన మన పాఠకులకు ఇంతకంటె వివరింప నక్కఱలేదు.

ప్రఫుల్లచంద్రుని వర్తనము మఱియు ఆశ్చర్యకరము. ఆయన అఱువదవ యేట, 1921 లో, అటుపైన తనకు రావలసిన జీతమును విశ్వవిద్యాలయమునకే వదలివేసి, 1936 వఱకు పనిచేసెను. లక్షలు గలవాడే దాత కానక్కఱలేదని, నెలజీతగాడును దాత కావచ్చునని ఆయన చూపెను.

అయితే శాశ్వతనిధులు అన్ని కష్టములను తీర్చునని మేము చెప్పము. దాత పీఠమునకు ధనమిచ్చును. దీపమునకు నూనె కొనుటకు, గుమాస్తాకు జీతమిచ్చుటకు సామాన్యముగా ఇయ్యడు. అశుతోషుడు 1917 లో ఎం. ఏ. విద్యనంతయు విశ్వవిద్యాలయపు ఆధీనమునకు తెచ్చి, అనేక శాఖలను తెఱచెను. వాని వ్యయమున పెద్దభాగము పరీక్షల రుసుములపై ఆధారపడెను. సహాయనిరాకరణోద్యమ దినములలో ఆ రుసుములు తగ్గగా ఖజానా వట్టిదయ్యెను. 1921 లో రెండవమాఱు వైస్‌ఛాన్సలరైన అశుతోషునకు ఆచార్యుల జీతములకే కటకటగా నుండెను. అప్పుడు, 1922 లో, వంగ ప్రభుత్వము రెండున్నర లక్షలిత్తునని, దానికి తన షరతులు జోడించెను. ఆ షరతులు విశ్వవిద్యాలయపు స్వాతంత్ర్యమును హరించునని అశుతోషుడు సెనేటులో గర్జించెను. సెనేటు ఆ ధనమును నిరాకరించెను. మఱుసటి సంవత్సరము గవర్నరు లిట్టన్ ప్రభువు, ప్రభుత్వమును ఎదిరింపనని మాటయిచ్చిన పదవి మఱల ఇత్తునని సూచింపగా, ఆయన ఆ పదవిని తృణీకరించెను. వంగవ్యాఘ్రమను బిరుదు ఆయనకు ఊరక రాలేదు.

ఇట్లు నిరాకరించుటకు ధైర్యమొక్కటియే చాలదు. వెనుక నిలువబడుటకు కొంత నేలయు కావలెను. పాలిత్, ఘోషుల నిధులు లేని విశ్వవిద్యాలయము ఆ రెండున్నర లక్షలకు చేయి సాచి యుండెడిది కాదా? పూర్వవిద్యార్థుల దానమునకు గల నిజమైన విలువ మా దృష్టిలో ఇదియే. అది భవనములను మాత్రమే కట్టదు. అవసరమైననాడు వలదని చెప్పగల వెన్నెముకను విద్యాలయమున కిచ్చును.

ఆయనయందు దోషములు లేవని మా వాదము కాదు. ఆయన ఏకచ్ఛత్రముగా పాలించెననియు, ఆదాయమునకు మించి శాఖలను పెంచెననియు, పరీక్షల ప్రమాణమును సడలించెననియు సమకాలికులలో పెద్దలే విమర్శించిరి. చరిత్రకారుడైన యదునాథ సర్కారు అట్టివారిలో నొకడు. ఆ విమర్శలలో కొంత సత్యమున్నదని మేమును ఒప్పుకొందుము. ఒక్కని భుజములపై నిలిచిన కట్టడము ఆ భుజములు తొలగిననాడు ఊగును. పదిమంది మహాదాతలకు బదులు పదివేలమంది పట్టభద్రులు ఏటేట కొంచెము కొంచెముగా ఇచ్చు అలవాటు ఆనాడే ఏర్పడియున్నచో, ఆ వట్టి ఖజానా నాటి దుస్థితి రాకపోవునేమో.

తాను ఇతరులను అర్థించుటయే గాక తానును ఇచ్చెను. ఆయన కుమార్తె కమల బాల్యవితంతువు కాగా, సంఘము నెదిరించి ఆమెకు పునర్వివాహము చేసెను. ఆమె 1923 లో మరణింపగా, ఆ దుఃఖమును కన్నీటితో పోనీయక, ఆమెపేర విశ్వవిద్యాలయమున ఉపన్యాసనిధిని స్థాపించెను. న్యాయమూర్తి పదవినుండి విరమించి మఱల వకీలు వృత్తి చేపట్టిన ఆయన, డుమ్రావ్ వ్యాజ్యమునకై పాట్నా వెళ్లి, అచ్చటనే 1924 మే 25 వ తేదీని పరమపదించెను. జీవితమంతయు కూర్చిన ఎనుబదివేల గ్రంథములను ఆయన కుటుంబమువారు 1949 లో జాతీయ గ్రంథాలయమున కర్పించిరి.

మన ఆంధ్రులకును ఆయనతో సంబంధము కలదు. మైసూరునందు బోధించుచుండిన సర్వేపల్లి రాధాకృష్ణను 1921 లో కలకత్తా తత్త్వశాస్త్రపీఠమునకు రప్పించినది అశుతోషుడే. ఆ రాధాకృష్ణయే 1931 లో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరై వచ్చెను. 1926 లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయమునకు జయపురము మహారాజు విక్రమదేవవర్మ ఒసగిన ద్రవ్యసహాయము ఆయన పేరిటి శాస్త్రకళాశాల రూపమున నిలిచినది. ఇటీవల, 2024 లో, తెలుగుబిడ్డయైన కృష్ణ చివుకుల గారు తాము చదివిన మద్రాసు ఐ.ఐ.టి.కి 228 కోట్ల రూపాయలిచ్చిరి. అంతకు ముందు సంవత్సరము నందన్ నీలేకని గారు తాము చదివిన బొంబాయి ఐ.ఐ.టి.కి 315 కోట్లిచ్చిరి. ఘోషుగారి మార్గము మూసికొనిపోలేదని ఇవి చాటుచున్నవి.

కాని ఈ వార్తలు చదివి మెచ్చుకొని, కోట్లు గలవారి పని యిదియని మిన్నకుండుట తగదు. గురుదాసుని యుగమున కావలసినది కోట్లు కాదు. ఒక యువకుని జీవనమునకు చాలినంత ధనము. అది లేకయే దేశమొక గణితశాస్త్రజ్ఞుని పోగొట్టుకొనెను. నేడును మన జిల్లా కళాశాలలలో, మనము చదివిన ఆ బల్లలమీదనే, అట్టి యువకుడెవడో కూర్చుండియుండును. అతడెవడో మనకు తెలియదు. ప్రేమచంద్ రాయచందునకును తెలియదు. తెలియకయే ఇచ్చుట విద్యాఋణము తీర్చుకొను మార్గము. పట్టభద్రులైన మన సోదరులు ఏటికొకమాఱైన తమ విద్యాలయమును తలంచి, శక్తికొలది ఇత్తురు గాక యని కోరుచున్నాము. ఆ ధనమును పుచ్చుకొను విద్యాలయాధికారులును ప్రతి కాసునకు లెక్క చెప్పి, అశుతోషునివలె దాతల విశ్వాసమునకు పాత్రులగుదురు గాక!